ఆడబిడ్డకైనా మగబిడ్డకైనా చెల్లే పేరు: మన సీమ పేర్లలో ఏవి నిలుస్తాయి?

నల్లరేగడి (కర్నూలు)

కాన్పుకు ఇంకా రెండు నెలలుంది. పుట్టేది ఎవరో ముందే తెలుసుకోవడానికి చట్టం ఒప్పుకోదు, మాకూ ఆ ఆత్రం లేదు. ఎవరు పుట్టినా అదే పేరు పెట్టాలని ఇంట్లో ఒక మాటకొచ్చినాం. పేరు చూడగానే ఆడా మగా తేలకూడదు, కానీ వాకిట్లో నిలబడి అవ్వ కేకేస్తే నోరు తిరగాలి. రెండు మూడక్షరాలు చాలు. చివర రెడ్డి, కుమార్, శ్రీ లాంటివేవీ వద్దు.

ఇప్పటికి కాగితం మీదున్నవి: కిరణ్, చైతన్య, తేజ, కీర్తి, వెలుగు. వీటిలో నిజంగా రెండు వైపులా చెల్లేవి ఏవి? ఇప్పుడు ఒకవైపే ఉన్నా, పోనుపోను ఇద్దరికీ సరిపోయేవి ఏమన్నా ఉన్నాయా? అయ్యవారు నక్షత్రం అక్షరం అంటే ఏం చేయాలి, ఆధార్‌లో బడిలో తిప్పలొస్తాయా, అదీ తెలిసినవాళ్లు చెప్పండి.

మర్రిమాను_నీడ (అనంతపురం)

కొత్త పేర్లు వెతికే ముందు పాత పేర్లు ఎట్ల కట్టినారో ఒకసారి చూడండి. మన పక్క పేరు మొదట్లో ఆడా మగా ఉండదు. అదంతా తోకలో ఉంటుంది. గూగూడు కుళ్ళాయస్వామికి మొక్కుకుంటే కొడుకు కుళ్ళాయప్ప, కూతురు కుళ్ళాయమ్మ. కదిరి నరసింహుడి పేరు మీద కదిరప్ప, కదిరమ్మ. ఉరుకుంద స్వామి పేరు మీద ఈరన్న, ఈరమ్మ. అహోబిలం వైపు ఓబులేసు, ఓబులమ్మ. దేవుడొకడే, మొక్కు ఒకటే, పుట్టింది ఎవరో చూసి అప్పో అమ్మో తగిలిస్తారు. తిమ్మ అనే మాటే చూడండి. విజయనగరం మంత్రి తిమ్మరుసు మగమనిషి, తాళ్లపాక తిమ్మక్క ఆడమనిషి, కదిరి దగ్గర మర్రిమాను తిమ్మమ్మ పేరు మీదుంది. అనంతపురం పేరు కూడా అనంతసాగరం చెరువు నుంచి వచ్చిందని, ఆ చెరువుకు అనంతమ్మ అనే ఆమె పేరు పెట్టినారని ఒక మాటుంది. ఇప్పటికీ ఊళ్లలో అనంతయ్యలూ ఉన్నారు, అనంతమ్మలూ ఉన్నారు.

అయితే తోక కోసేస్తే పనైపోయిందా అంటే కాలేదు. ‘ఈర’, ‘ఎల్ల’, ‘మార’ అని వదిలేస్తే నోటికి సగం మాట మింగినట్టుంటుంది. పిలిచేవాళ్లు వారం తిరక్కుండా తోక మళ్లీ అతికిస్తారు. కాబట్టి తోక లేకపోయినా తనంతట తాను నిలబడే మొదలు కావాల. మొల్ల అనే పేరు చూడండి, అమ్మా లేదు, అక్కా లేదు, అయినా నిండుగా ఉంది. అట్లాంటిది కావాల.

నేను వడపోసిన వరకు చెప్తా. గంగ: ఏరు, అమ్మవారు ఇద్దరూ ఆడవాళ్లే కాబట్టి గంగన్నలు ఎంతమంది ఉన్నా ‘గంగ’ ఒక్కటే అంటే ఆడపిల్లే. రంగ: దీనికి తిరగేసి. నాగ: పేరు ముందు తగిలించేదానిగా అలవాటై, ‘నాగ... ఆ తర్వాతేంది?’ అని అడుగుతారు. రత్న: కొంచెం ఆడవైపు మొగ్గు, కానీ రత్నయ్య, రత్నాకర్ కూడా ఉన్నారు కాబట్టి మగపిల్లోడికి పెట్టినా వింతగా ఉండదు. రమణ: నా లెక్కలో అన్నిటికంటే గట్టిది. వెంకటరమణ, రమణమ్మ, రమణయ్య ఊరూరా వినిపిస్తారు కాబట్టి ఎవరి నోటికీ కొత్త కాదు. కొంచెం మగవైపు వాలుతుంది, కానీ ఆడపిల్లకు పెడితే ‘రమణమ్మను పొట్టిగా పిలుస్తున్నారు’ అనుకుంటారే గాని విడ్డూరంగా చూడరు.

మీ చీటీలో వెలుగు మంచి మాటే, అచ్చ తెలుగు. ఒక్క చిక్కు. సీమ పల్లెల్లో వెలుగు అంటే పొదుపు సంఘాల ఆఫీసు. పిల్లను బడిలో చేర్పించిన రోజే ఆ జోకు పడుతుంది. అచ్చ తెలుగు కావాలంటే పొద్దు చూడండి. సూర్యుడు, కాలం రెండూ అందులోనే ఉన్నాయి, వ్యాకరణంలో అది ఆడా కాదు మగా కాదు. వెన్నెల, చినుకు, మొలక లాంటివి అర్థంలో ఏ వైపూ లేకపోయినా, వినగానే ఆడపిల్ల అనుకుంటారు.

బురుజు_మలుపు (కర్నూలు)

పై అన్న పల్లె పేర్ల సంగతి చెప్పారు. సంస్కృతం నుంచి వచ్చినవాటికి కొన కొలత వేరు, అక్కడే చాలామంది పొరపాటు పడతారు.

సంస్కృతంలో రామ పొట్టి అకారం, రమా దీర్ఘం. ఆ దీర్ఘమే ఆడపేరు గుర్తు. తెలుగులోకి వచ్చేసరికి ఆ దీర్ఘాన్ని మనం కత్తిరించి రమ, సీత, ఉమ చేసుకున్నాం. దాంతో పొట్టి అకారం రెండు వైపులా మిగిలింది. హర్ష, తేజ, సత్య, నిత్య, విజయ, ప్రసన్న ఇద్దరికీ చెల్లడానికి ఆ కత్తిరింపే కారణం. పొల్లుతో ముగిస్తే మాత్రం మన చెవికి మగపేరే: కిరణ్, వినయ్, చేతన్, అమృత్. అందుకే వినయ్ అబ్బాయి, వినయ అమ్మాయి. ఉత్తరాదిన కిరణ్ ఆడవాళ్లకీ మామూలే, కిరణ్ బేడీ ఉన్నారు కదా. ఇక్కడ కిరణ్ కుమార్‌లే ఎక్కువ. అది ఆడపిల్లకు పెట్టొచ్చు, కానీ ఫోన్లో ‘సార్’ అనిపించుకోవడానికి సిద్ధపడాలి.

కీర్తి తీసేయండి. కీర్తి, శాంతి, స్ఫూర్తి, ప్రగతి, ధృతి... ఈ ‘తి’ వరుస సంస్కృతంలోనే స్త్రీలింగం, తెలుగు నోట్లోనూ అంతే. వెనక వర్ధన్ అనో ఇంకోటో చేరిస్తే తప్ప మగపిల్లోడికి కుదరదు, మీకేమో తోక వద్దు.

మీరు అడిగిన రెండో ప్రశ్న, ముందు ముందు ఇద్దరివీ అయ్యే పేర్లు. ఇక్కడ ఒక మొహమాటం లేని నిజముంది. మగపేరు ఆడపిల్లకు పెడితే ముద్దుగా ఉందంటారు, ఆడపేరు మగపిల్లోడికి పెడితే ఏడిపిస్తారు. న్యాయమా అంటే కాదు, బడి మెట్ల మీద జరిగేది మాత్రం అదే. కాబట్టి పేరు మారే దారి ఎప్పుడూ మగవైపు నుంచే. ఇప్పుడు మగవైపుండి మెత్తగా పలికే పేరు తీసుకుంటే ఎవరు పుట్టినా నష్టం లేదు. ఆదిత్య, సూర్య, వంశీ ఆ జాబితాలోవి. సూర్య ఇంకా గట్టిగా మగవైపే ఉంది, వంశీ వదులవుతోంది.

ఈ దారి ఎట్లా నడుస్తుందో తేజస్వి చూస్తే తెలుస్తుంది. సంస్కృతంలో తేజస్వీ పుంలింగం, ఆడవాళ్లకు తేజస్విని. యశస్వి, మనస్వి, తపస్వి కూడా అంతే. తెలుగులో ఆ ‘ని’ అక్కర్లేదని తేజస్వి నేరుగా ఆడపిల్లలకు పెట్టేశారు, ఇప్పుడు మన తరగతుల్లో తేజస్వి అంటే అమ్మాయే. బీహార్‌లో తేజస్వి యాదవ్, బెంగళూరులో తేజస్వి సూర్య మగవాళ్లు. యశస్వి అయితే క్రికెటర్ జైస్వాల్ పుణ్యమా అని మగవైపు కూడా బాగా వినిపిస్తోంది. ‘స్వి’ వరుసలో ఈరోజుకు సరిగ్గా మధ్యలో ఉన్నది యశస్వే.

చైతన్య మాత్రం ఏ వంకా లేనిది. మూలంలో చైతన్యం నపుంసకం. సత్యం, రత్నం కూడా నపుంసకాలే, సున్నా తీసేస్తే సత్య, రత్న. ఇట్లా సున్నా రాలిన మాటలు వెతుక్కుంటే మంచి పేర్లు దొరుకుతాయి. భాను, మధు, శశి, మణి కూడా మరిచిపోకండి. భానుప్రకాష్, భానుమతి; శశిధర్, శశికళ; మధ్యలో నరికితే రెండు పక్కలా భాను, శశి. ఒక తరం వెనకటి పేర్లే, తరగతికి ఒకరుంటే ఎక్కువ. ఇందు కూడా సంస్కృతంలో మగమాటే, చంద్రుడు కదా, కానీ తెలుగులో పూర్తిగా అమ్మాయిలకు వెళ్లిపోయింది, ఇక వెనక్కి రాదు.

పంచాంగం_పక్కన (కడప)

నక్షత్రం అక్షరం గురించి అడిగారు. పుట్టకముందే పేరు ఖాయం చేసుకుంటే అక్షరం కలవడం కలవకపోవడం అదృష్టం. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 అక్షరాలు. పైన వచ్చిన పేర్లు ఎక్కడ పడతాయంటే: తేజ, తేజస్వి విశాఖ మూడో పాదం. సాయి, సత్య శతభిషం రెండు. హర్ష పునర్వసు మూడు. మణి, మధు మఖ ఒకటి. భాను మూల మూడు. రమణ, రత్న చిత్త మూడు. యశస్వి జ్యేష్ఠ రెండు. ప్రసన్న ఉత్తర మూడు. విజయ, వినయ రోహిణి మూడు. అనంత కృత్తిక ఒకటి. హ్రస్వమా దీర్ఘమా అని అయ్యవార్లు పట్టుబట్టరు, హల్లు కలిస్తే చాలంటారు. ఆరుద్ర మూడో పాదానికి ‘ఙ’ వస్తుంది. దాంతో ఎవరూ పేరు పెట్టలేరు, కాబట్టి సర్దుబాటు అనేది శాస్త్రం లోపలే ఉంది.

కలవకపోతే గొడవ అక్కర్లేదు. నామకరణంలో పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో రాసేటప్పుడు నక్షత్ర నామం వేరు, వ్యవహార నామం వేరు అని అడిగితే ఏ అయ్యవారైనా రెండూ రాయిస్తారు. మీరు అనుకున్న పేరు వ్యవహార నామం. రిజిస్టర్‌లో ఎక్కేది అదే.

ఇంకొకటి, బాగా చదువుకున్న అయ్యవారైతే ఎత్తొచ్చు. గృహ్యసూత్రాల్లో మగపిల్లలకు సరి అక్షరాలు, రెండో నాలుగో. ఆడపిల్లలకు బేసి అక్షరాలు అని ఉంది. ఆ లెక్కన సత్య, భాను, మణి మగవైపు, చైతన్య, రమణ, ప్రసన్న ఆడవైపు. ఒత్తు ఎన్ని ఉన్నా ‘న్య’ ఒక అక్షరమే. ఇప్పుడు ఎవరూ దీన్ని పట్టించుకోవడం లేదు. ఆ మాట వస్తే నక్షత్ర నామంతో సరిచేసి వ్యవహార నామం అట్లాగే ఉంచమనండి.

దర్గా_వీధి (కడప)

ముస్లిం పేర్లలో కూడా ఇదే కథ, తోకే తేలుస్తుంది: బాషా, అహ్మద్ ఒకవైపు, బీ, బేగం, బాను ఇంకోవైపు. తోక లేకుండా ఇద్దరికీ నడిచేవి నూర్, షాహీన్, నసీమ్, షమీమ్, కౌసర్, ముంతాజ్. ఇక్కడ బురుజు అన్న చెప్పిన పొల్లు సూత్రం పనిచేయదు, పొల్లుతో ముగిసినా ఆడపేర్లే బోలెడు. ఇక మొక్కుబడి పేర్లు మతం చూడవు, దస్తగిరి, దస్తగిరమ్మ, మస్తాన్, మస్తానమ్మ హిందువుల ఇళ్లలోనూ ఉన్నారు. దస్తగిరి గంభీరంగా ఉంటుంది గాని రెండు మూడక్షరాల షరతుకు తూగదు.

సచివాలయం_కిటికీ (అనంతపురం)

కాగితాల సంగతి. భయపడాల్సింది తక్కువ, జాగ్రత్త పడాల్సింది రెండు మూడు చోట్ల.

పుట్టిన 21 రోజుల్లోపు జనన నమోదు ఉచితం. పేరు ఆరోజే ఇవ్వాలని లేదు. ఆసుపత్రిలో పుడితే వివరాలు వాళ్లే పంపుతారు. అప్పటికి బిడ్డ ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరుతోనే ఉంటుంది. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం ప్రకారం పేరు 12 నెలల్లోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో. కాబట్టి డిశ్చార్జి హడావిడిలో ఎవరో మేనత్త చెప్పిన పేరు రాయించొద్దు. ఎక్కిన పేరులో అక్షర దోషం దిద్దించుకోవడం తేలిక, పేరే మార్చమంటే తలనొప్పి. ఇప్పుడు ఈ కాగితం బరువు కూడా పెరిగింది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు బడి, ఆధార్, ఓటు, లైసెన్సు, పెళ్లి నమోదు అన్నిటికీ పుట్టినతేదీ రుజువు జనన ధ్రువపత్రమే.

ఆడా మగా అనేది అక్కడ విడిగా ఒక గడిలో ఉంటుంది, పేరుతో దానికి పని లేదు. తప్పు జరిగేది టైపు కొట్టేచోట. ఆధార్ కేంద్రంలో రద్దీగా ఉన్నప్పుడు పేరు చూసి అలవాటుగా లింగం గడి నింపేస్తారు. చైతన్య అని చూడగానే మేల్ కొట్టేస్తారు. మీ వైపు తిప్పిన స్క్రీన్ మీద పేరు, తేదీ, లింగం మూడూ చదివాకే ఓకే అనండి. చేతికిచ్చే రసీదులో మళ్లీ చూడండి. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితంలో రెండు అవకాశాలు, లింగం మార్పుకు ఒక్కటే. గుమాస్తా తప్పు దిద్దడానికి ఆ ఒక్కటీ ఖర్చయిపోతే తర్వాత అవసరమైనప్పుడు చేతిలో ఏమీ ఉండదు. అయిదేళ్ల లోపు బాల ఆధార్‌కు వేలిముద్రలు ఉండవు. అయిదేళ్లప్పుడు, పదిహేనేళ్లప్పుడు బయోమెట్రిక్ ఇవ్వడానికి వెళ్తారు కదా, ఆరోజు కూడా ఈ గడి ఒకసారి చూసుకోండి.

రెండో చోటు బడి. హాజరు పట్టీలో అబ్బాయిలు ముందు, అమ్మాయిలు తర్వాత అని విడగొట్టి రాసే బడులు ఇంకా ఉన్నాయి. దరఖాస్తు కట్టలోంచి పేర్లు ఎక్కించేటప్పుడు ఇట్లాంటి పేరు తప్పు వరుసలో పడుతుంది. చేరిన వారంలోనే చూసుకుంటే ఒక్క గీతతో పోతుంది. పదో తరగతికి పేర్ల జాబితా పంపే ముందు సంతకానికి ఇస్తారు, అక్కడ మాత్రం అక్షరం అక్షరం చదవాలి. ఆ మెమో మీద ఎట్ల పడితే జీవితాంతం అట్లనే.

ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయించండి. తోక లేని రెండక్షరాల పేరుకు అదే బరువు. ఇంటిపేరు విప్పకపోతే పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడి దగ్గర ఆగిపోతారు.

నల్లరేగడి (కర్నూలు)

అందరికీ దండాలు. కీర్తి, కిరణ్, వెలుగు కొట్టేసినాం. చైతన్య, రమణ, ప్రసన్న, యశస్వి మిగిలినాయి. తేజ గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఇంకో అనుమానం, పేరు ఎంత మధ్యలో ఉన్నా మన భాషలో నోరు విప్పితే తేలిపోతుంది కదా?

మర్రిమాను_నీడ (అనంతపురం)

తేలిపోతుంది, కానీ అన్నిచోట్లా కాదు. ‘చైతన్య వచ్చినాడు’, ‘చైతన్య వచ్చింది’ దగ్గర దాచేది లేదు. ‘వచ్చినారు’ అంటే తేలదు. బిడ్డ తన గురించి తాను ‘వచ్చినా, తిన్నా’ అంటే అసలు తేలదు. హిందీలో ఆ సౌకర్యం కూడా లేదు, నేను అనేచోటే ఆయా, ఆయీ అని విడిపోతుంది.

అసలు చిక్కు ముద్దుపేరు దగ్గర. మనవాళ్ల నోట్లో ఏ పేరైనా మగపిల్లోడికి ‘గాడు’ అవుతుంది, ఆడపిల్లకు చివర ‘ఇ’ సాగుతుంది. తేజ అయితే తేజగాడు, తేజి. రమణ అయితే రమణగాడు, రమణి. ఈ రమణి ఉంది చూడండి, అది విడిగా ఒక ఆడపేరే. ఏడాది తిరిగేసరికి చుట్టాలంతా రమణి అనే రాస్తారు. ప్రసన్నకు ఆ భయం తక్కువ, ప్రసన్ని అని ఎవరూ అనలేరు, నోరు తిరగదు. చైతన్య కూడా అంతే, చైతు దగ్గర ఆగిపోతుంది. చైతు ఇద్దరికీ చెల్లుతుంది.

తేజలో ఇంకో లోపముంది. చిన్న పేరు కాబట్టి ముందో వెనకో ఏదో ఒకటి చేర్చాలని అందరికీ చెయ్యి దురద పెడుతుంది. సాయితేజ, తేజశ్రీ, తేజ కుమార్. పుట్టపర్తి పుణ్యాన మా వైపు సాయికి కూడా అదే గతి. పేరు మంచిదే, ఇద్దరిదీ, కానీ సాయి ఒక్కటే అంటే ఎవరూ ఒప్పుకోరు, ‘సాయి ఏంది, పూర్తి పేరు చెప్పు’ అంటారు.

బురుజు_మలుపు (కర్నూలు)

ఇంగ్లీషు స్పెల్లింగు గురించి ఒక ముక్క. మన పొట్టి అకారాన్ని ఇంగ్లీషులో చివర ‘ఏ’ పెట్టి రాస్తాం. తెలుగు తెలియనివాళ్లు ఆ ‘ఏ’ చూడగానే ఆడపేరు అనుకుంటారు, కృష్ణ, సూర్య లాంటి మగవాళ్లకే ‘మేడమ్’ అని ఉత్తరాలొస్తాయి. బెంగళూరులో ఆ బాధ తక్కువ, కన్నడిగులకు ప్రసన్న మగపేరుగా బాగా అలవాటు. కాబట్టి ప్రసన్న ఇక్కడ ఆడవైపు, అక్కడ మగవైపు. మీ షరతుకు దానంత సరిపోయేది ఇంకోటి కనపడటం లేదు. స్పెల్లింగులో రెండు ‘ఎన్’లు ఉంటాయి, ఒకచోట ఒకటి, ఒకచోట రెండు రాయించొద్దు. జనన ధ్రువపత్రం మీద ఎట్లుంటే టీకా కార్డు నుంచి అన్నిచోట్లా అట్లే రాయించండి. చైతన్య అయితే ‘హెచ్’ ఎక్కడెక్కడ వస్తుందో ముందే ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. ‘త’కు కొందరు ‘టి’ ఒక్కటే రాస్తారు, కొందరు ‘టి హెచ్’ అంటారు.

నల్లరేగడి (కర్నూలు)

ప్రసన్న, చైతన్య. ఈ రెంటిలో ఏదో అవ్వతో కేకేయించి చూస్తాం.

పంచాంగం_పక్కన (కడప)

చీకటి పడ్డాక వీధి చివర నుంచి కేకేయించండి. ‘ప్రసన్నా’ అంటే మూడిళ్ల అవతలికి వినపడుతుంది. ‘చైతన్యా’లో ఆ ‘న్య’ గాలికి కొట్టుకుపోతుంది.